"ఇంతకీ మీది ఏ గ్రూప్?" అమెరికా క్యాంపస్‌లో కొత్తగా చేరినవాళ్ళ కోసం ఈ వ్లాగ్

హాయ్ అండి, అందరూ ఎలా ఉన్నారు? వెనకాల ఈ గోలేంటి అనుకుంటున్నారేమో, ఇక్కడ కొత్త సెమిస్టర్ మొదటి వారం, క్లబ్బులన్నీ బయట టేబుళ్ళు వేసుకుని కొత్తవాళ్ళని పిలుస్తున్నాయి. మా బాబాయి కూతురు మాస్టర్స్‌లో చేరింది, దాన్ని దింపి అపార్ట్‌మెంట్ చూసి వెళ్దామని వచ్చాను. రూమ్ టూర్ తీద్దామనే కెమెరా పట్టుకొచ్చాను కానీ ఇందాక జరిగింది చూశాక కల్ట్‌ల గురించి, అంటే మనిషిని మెల్లగా తమ గుప్పిట్లో పెట్టుకునే గ్రూపుల గురించి మాట్లాడాలనిపించింది.

లైబ్రరీ మెట్ల దగ్గర ఇద్దరమ్మాయిలు మా చెల్లిని ఆపి "చిన్న సర్వే, ఐదు నిమిషాలే" అన్నారు. చాలా మర్యాదగా, నవ్వుతూ. మొదట చదువు టెన్షన్ గురించి అడిగారు, తర్వాత నిద్ర సరిగ్గా పడుతోందా అన్నారు, ఆ తర్వాత మెల్లగా ఇక్కడ నీకు బాగా దగ్గరివాళ్ళు ఎవరున్నారు, ఎవరితో ఉంటున్నావు, వీకెండ్ ఖాళీయేనా అని దిగారు. చివర్లో ఫోన్ నంబర్. సర్వేకి ఫోన్ నంబర్ ఎందుకండీ? "ఇంతకీ మీది ఏ గ్రూప్?" అని నేనడిగితే "గ్రూప్ అంటూ ఏం లేదు, ఫ్రెండ్స్ కలిసి పర్సనల్ గ్రోత్ గురించి మాట్లాడుకుంటాం" అన్నారు. మళ్ళీ అడిగినా పేరు చెప్పలేదు. ఇంత మాత్రానికే కల్ట్ అని ముద్ర వేసేయలేం. కానీ తమ పేరే చెప్పనివాళ్ళకి మన నంబర్ ఎందుకివ్వాలి? చెల్లేమో "అక్కా, నువ్వు మరీ సీబీఐలా అడుగుతున్నావ్" అని నా మీదే విసుక్కుంది.

కల్ట్ అనగానే మనకి ఎక్కడో ఊరవతల ఆశ్రమం, అందరికీ ఒకే రంగు బట్టలు, గడ్డం పెంచుకున్న గురువు గుర్తొస్తారు. కానీ 2010లో న్యూయార్క్ సిటీకి కాస్త ఉత్తరాన, సారా లారెన్స్ కాలేజీలో మొదలైన వ్యవహారం చూడండి. లారెన్స్ రే అనే అతను జైలు నుంచి విడుదలై నేరుగా సెకండియర్ చదువుతున్న కూతురి దగ్గరికి వచ్చాడు. ఆమె స్నేహితులతో కలిసి కాలేజీవాళ్ళిచ్చిన ఇంట్లో ఉండేది, ఇతనూ అక్కడే మకాం పెట్టేశాడు. మతం పేరు చెప్పలేదు, కరపత్రాలు పంచలేదు. పిల్లలకి వండిపెట్టాడు, రాత్రుళ్ళు కూర్చోబెట్టుకుని వాళ్ళ బాధలు విన్నాడు, సలహాలిచ్చాడు. ఇంటికి దూరంగా ఉన్న పందొమ్మిది, ఇరవై ఏళ్ళ పిల్లలకి ఒక పెద్దాయన అంత ఓపిగ్గా వింటుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

తర్వాతి వేసవికి వాళ్ళలో కొందరు మన్‌హాటన్‌లో అతనుంటున్న వన్ బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్‌కి చేరారు. అక్కడ అసలు రంగు బయటపడింది. నిద్రపోనివ్వకుండా గంటల తరబడి ప్రశ్నలు, నాకు విషం పెట్టావు, నా సామాన్లు పాడుచేశావు అంటూ చేయని తప్పుల్ని ఒప్పించడం, ఆ ఒప్పుకోళ్ళని రికార్డ్ చేయడం, అవి అడ్డం పెట్టుకుని పిల్లల దగ్గరా వాళ్ళ అమ్మానాన్నల దగ్గరా డబ్బు గుంజడం. ఒకమ్మాయిని వ్యభిచారంలోకి నెట్టి ఆ డబ్బంతా ఏళ్ళ తరబడి తీసుకున్నాడు. అరెస్టయ్యింది 2020లో, అదీ అంతకు ముందు ఏడాది ఒక పత్రిక ఈ సంగతంతా రాశాక. 2022లో జ్యూరీ మొత్తం 15 అభియోగాల్లోనూ దోషి అని తేల్చింది, 2023 జనవరిలో 60 ఏళ్ళ శిక్ష పడింది. అంటే కాలేజీ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచి అరెస్టు దాకా దాదాపు పదేళ్ళు. చిక్కుకున్నవాళ్ళలో ఒక స్టూడెంట్ అక్క కూడా ఉంది, ఆమె డాక్టర్. కాబట్టి "మా వాడు తెలివైనవాడు, వాడికేం కాదు" అనే మాట ఇక్కడ పనికిరాదు.

ఇది కొత్త విషయమేమీ కాదు కూడా. ఇప్పుడు కల్ట్‌ల గురించి చెప్పేవాళ్ళలో బాగా పేరున్న స్టీవెన్ హాసన్‌ 1974లో న్యూయార్క్ క్వీన్స్ కాలేజీలో స్టూడెంట్. క్యాంటీన్‌లో కూర్చుని ఉంటే ముగ్గురు అమ్మాయిలు స్టూడెంట్స్‌లాగే వచ్చి మాట కలిపారు, అలా యూనిఫికేషన్ చర్చి అనే, చాలామంది కల్ట్ అనే మత సంస్థలోకి వెళ్ళిపోయాడు. రెండేళ్ళ తర్వాత నిద్రలేమితో వ్యాన్ నడుపుతూ కునుకు పట్టి ట్రక్కుని గుద్దాడు. ఆ యాక్సిడెంట్ వల్ల గ్రూప్‌కి దూరంగా ఉండాల్సి రావడం, ఆ సమయంలో ఇంట్లోవాళ్ళు కల్పించుకోవడం, అలా బయటపడ్డాడు. నాకు ఇందులో బాగా తగిలింది ఆ నిద్ర సంగతే. సిద్ధాంతం ఏదైనా సరే, నిద్ర లేని మనిషికి "ఒక్క నిమిషం, ఇదేంటి" అని ఆలోచించే ఓపిక ఉండదు.

అలాగని దీన్ని చేతబడిలాగా చూడక్కర్లేదు. ఇదే చర్చి మీద బ్రిటన్‌లో పరిశోధన చేసిన ఐలీన్ బార్కర్ అనే సోషియాలజిస్ట్ తేల్చిందేంటంటే, వాళ్ళ వర్క్‌షాప్‌లకి వెళ్ళినవాళ్ళలో పదికి తొమ్మిది మంది అసలు చేరనే లేదు. ఎక్కువ మంది వద్దు అనగలిగారు. మరి కొందరెందుకు అనలేకపోతారు? నా ఉద్దేశం చెప్తాను, మీరు ఒప్పుకోకపోతే కింద కామెంట్‌లో తిట్టండి. వద్దు అనడానికి ఏం పోగొట్టుకోవాలి అన్నదే అసలు సంగతి. వారానికోసారి వెళ్ళే మీటింగ్ అయితే మానేస్తే సరిపోతుంది. అదే రూమ్ వాళ్ళది, కారులో తీసుకెళ్ళేది వాళ్ళు, ఫ్రెండ్స్ అందరూ వాళ్ళే, పార్ట్‌టైమ్ పని కూడా వాళ్ళే చూపించారు అంటే, ఒక్క "వద్దు"తో రాత్రికి రాత్రి రోడ్డు మీద పడతాం. హౌసింగ్‌ దగ్గర జాగ్రత్త అని నేను చెప్పేది అందుకే.

మనవాళ్ళు దిగేటప్పటికి ఇక్కడ ఏమీ ఉండదు కదా, ఎవరు ఎయిర్‌పోర్ట్‌కి వచ్చినా, పాత మంచం ఇచ్చినా దేవుళ్ళలా కనిపిస్తారు. చాలామంది నిజంగా మంచివాళ్ళే, చర్చిలవాళ్ళు, గుడివాళ్ళు, ఇండియన్ స్టూడెంట్ అసోసియేషన్లు ఏమీ ఆశించకుండా సాయం చేస్తారు, వాళ్ళని అనుమానించమని నేను చెప్పను. తేడా ఎక్కడంటే, వాళ్ళు పేరు ముందే చెప్తారు, మీరు రాను అంటే "సరే, ఎప్పుడైనా రండి" అంటారు. రెండోరకం వాళ్ళేమో మీరు రాకపోతే వరసగా పది మెసేజ్‌లు పెడతారు, తలుపు కొడతారు, "నీ మంచి కోరేది మేమే, మీ ఇంట్లోవాళ్ళకి అర్థం కాదు" అంటారు. ఈ ఆఖరి మాట ఎవరి నోట విన్నా సరే, ఆ సాయంత్రమే ఇంటికి ఫోన్ చేయండి. ఆ, ఇంకోటి, షాపింగ్ చేస్తుంటే "మీరు తెలుగా అండి" అని పలకరించి, వారం తర్వాత మెంటర్‌ని కలుద్దాం అనే గొలుసుకట్టు బిజినెస్ బ్యాచ్ కూడా ఉంటుంది, అది వేరే వీడియో, దాని మీద నాకు చాలా కోపం ఉంది.

ఎఫ్-1, అంటే స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళకి ఇంకో చిక్కు ఉంది, ఇది ఎవరూ చెప్పరు. రిట్రీట్‌లని, సేవ అని తిప్పుతుంటే క్లాసులు పోతాయి, కోర్సు డ్రాప్ చేద్దామనిపిస్తుంది. ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్ఓ, అంటే వీసా స్టూడెంట్ల వ్యవహారాలు చూసే కాలేజీ అధికారి, అనుమతి లేకుండా కోర్సులు ఫుల్‌టైమ్ కంటే తగ్గితే వీసా స్టేటస్సే పోతుంది. అప్పుడు ఆ గ్రూప్ పట్టు ఇంకా బిగుస్తుంది, ఎందుకంటే బయట ఇంక చూపించుకోవడానికి ఏమీ మిగలదు. పాస్‌పోర్ట్, ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) ఎవరైనా "మా దగ్గర భద్రంగా ఉంటాయి" అంటే ఇవ్వకండి. లీజ్‌లో మీ పేరు ఉందో లేదో చూసుకోండి. అందరూ కలిసి ఒకే లీజ్ మీద సంతకం పెడితే మాత్రం చాలాచోట్ల ఒకరు అద్దె ఎగ్గొట్టినా మిగతావాళ్ళ మీద పడుతుంది, అది చదివి పెట్టండి.

ఇప్పుడు ఇండియాలో ఉన్న అమ్మలూ నాన్నలూ. కాలేజీకి ఫోన్ చేసి మా అబ్బాయి క్లాసులకి వస్తున్నాడా అంటే చెప్పరు, కోప్పడకండి, ఫెర్పా అని 1974 నాటి చట్టం ఉంది, కాలేజీలో చేరాక రికార్డుల మీద హక్కు స్టూడెంట్‌దే. కానీ వాళ్ళు చెప్పకపోయినా మీరు చెప్పింది వినడానికి అడ్డేం లేదు. డీన్ ఆఫ్ స్టూడెంట్స్ ఆఫీసుకి ఈమెయిల్ రాసి ఫలానా కారణంగా భయంగా ఉంది అని చెప్పొచ్చు. రోజుల తరబడి ఫోన్ ఎత్తకపోతే, క్యాంపస్‌లో ఉంటే క్యాంపస్ పోలీసులకి, బయట ఉంటే ఆ ఊరి పోలీసులకి ఫోన్ చేసి వెల్‌ఫేర్ చెక్ చేయమని అడగొచ్చు, వెళ్ళి తలుపు కొట్టి మనిషి ఎలా ఉన్నాడో చూస్తారు. దానికి అడ్రస్ కావాలి, అపార్ట్‌మెంట్ నంబర్‌తో సహా. చాలామంది పేరెంట్స్ దగ్గర ఊరి పేరు తప్ప ఇంకేం ఉండదు, ఈ రాత్రే అడిగి రాసిపెట్టుకోండి, దాంతో పాటు ఒక రూమ్మేట్ నంబరు, అదే ఇంట్లో ఉండని ఇంకో ఫ్రెండ్ నంబరు కూడా.