చేర్చుకున్న సంఘానికి సభలో చోటు: డయోసిస్ ప్రవేశ నియమాలపై ప్రసంగం

సభాధ్యక్షులకు, గురువులకు, సంఘ పెద్దలకు ప్రభువు నామమున వందనాలు.

కొత్త సంఘాన్ని డయోసిస్‌లో, అంటే ఒక బిషప్పు పర్యవేక్షణలోని సంఘాల సముదాయంలో, చేర్చుకునే నియమాలంటే చాలామందికి అర్జీలూ సంతకాలూ గుర్తుకొస్తాయి. కానీ ఆ సంఘంలో పరిచర్య చేసే గురువును నియమించేదెవరు, మందిరమూ స్థలమూ ఎవరి అధీనంలో ఉంటాయి, డయోసిస్ మహాసభలో ఆ సంఘ ప్రతినిధి లేచి మాట్లాడగలడా లేదా అన్నవి ఆ నియమాల్లోనే తేలిపోతాయి. వీటిలో చివరి సంగతిని గురించే నేను ఎక్కువగా మాట్లాడదలచాను.

కథోలిక సంఘంలో ఈ అధికారం ఒక్కచోటే ఉంది. 1983 నాటి కానన్ చట్టం (సంఘ నియమావళి) 515వ నియమం ప్రకారం విచారణను, అంటే ఒక గురువు చూసుకునే స్థానిక సంఘాన్ని, స్థాపించేదీ, రద్దు చేసేదీ, మార్చేదీ మేత్రాసన (డయోసిస్) బిషప్పుగారే. అయితే గురువుల మండలి అభిప్రాయం వినకుండా ఆయన ఆ పని చేయకూడదు. అమెరికాలోని ఆంగ్లికన్ సంప్రదాయపు ఎపిస్కోపల్ సంఘం వేరే దారి పట్టింది. కొత్త పారిష్ (స్థానిక సంఘం) స్థాపనను ఆ సంఘపు సాధారణ కానన్లు ఆయా డయోసిస్‌ల మహాసభలకు వదిలాయి. వివరాలు ఒక్కో డయోసిస్‌లో ఒక్కో రకంగా ఉన్నా క్రమం దాదాపు ఒకటే: బిషప్పు పర్యవేక్షణలో మిషన్‌గా మొదలైన సంఘం తన ఖర్చులు తాను భరించగల స్థితికి వచ్చాక, డయోసిస్ రాజ్యాంగానికీ కానన్లకూ లోబడి ఉంటానని రాసిచ్చి, అర్జీ పెట్టుకుంటుంది; దాన్ని పరిశీలించిన కమిటీ నివేదిక మీద మహాసభ ఓటు వేస్తుంది. ఆ రాసిచ్చే కాగితం చిన్నదేమీ కాదు. పారిష్ ఆస్తి డయోసిస్ కోసం, యావత్ సంఘం కోసం ట్రస్టుగా ఉంటుందని 1979లో చేసిన కానన్ స్పష్టంగా చెబుతోంది కనుక, ఆ సంగతి సంఘ సభ్యులందరికీ అర్జీకి ముందే చదివి వినిపించాలని నా గట్టి అభిప్రాయం.

ఇక అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో జరిగిన సంగతికి వస్తాను. 1746లో డెలావేర్‌లో బానిసగా పుట్టి 1784లో విముక్తి పొందిన అబ్సలోమ్ జోన్స్, ఆ నగరంలోని ఒక మెథడిస్టు మందిరంలో మోకాళ్లూని ప్రార్థిస్తుండగా, నల్లవారికి కేటాయించిన చోటు అది కాదంటూ ఆయనను లేవదీశారు. అలా బయటికి వచ్చినవారు కట్టుకున్న ఆఫ్రికన్ మందిరం 1794 జూలైలో తెరుచుకుంది. ఆ సంఘం ఎపిస్కోపల్ డయోసిస్‌లో చేరడానికి తానే మూడు షరతులు పెట్టింది: తమను ఒక సంఘంగానే స్వీకరించాలి, స్థానిక వ్యవహారాలు తమ చేతిలోనే ఉండాలి, జోన్స్‌ను పాఠకుడిగా (గురువు కాకుండానే ఆరాధన చదివి నడిపించేవాడిగా) నియమించి, అర్హుడని తేలితే గురువుగా అభిషేకించాలి. బిషప్ విలియం వైట్ హయాంలో డయోసిస్ ఒప్పుకుంది. సెయింట్ థామస్ పేరుతో ఆ ఆఫ్రికన్ సంఘం ఆ ఏడే చేరింది. అంతవరకు మెచ్చుకోవలసిందే.

మరుసటి ఏడు, 1795లో, జోన్స్ అభిషేకానికి, గురువు కాబోయేవారికి పెట్టే గ్రీకు, లాటిన్ భాషల పరీక్ష అడ్డొచ్చింది. మహాసభ ఆ పరీక్ష నుంచి మినహాయింపు ఇస్తూనే దానికి ఒక షరతు ముడిపెట్టింది: ఈ మినహాయింపు వల్ల ఆఫ్రికన్ సంఘానికి మహాసభకు గురువునుగాని ప్రతినిధులనుగాని పంపే హక్కు రాదు, సంఘ సామాన్య పాలనలో అది జోక్యం చేసుకోకూడదు. కారణంగా చూపినది ఆ సంఘపు అప్పటి ప్రత్యేక పరిస్థితులు. ఒక మనిషికి భాషల విషయంలో చేసిన సడలింపుకు వెలగా మొత్తం సంఘం ఓటు పోయింది. అప్పటి పరిస్థితుల కోసమన్న ఆ షరతును ఎప్పుడు తిరిగి పరిశీలించాలో ఎవరూ రాయలేదు. జోన్స్ 1818లో కన్నుమూశారు. ఆయన సంఘం మహాసభలో కూర్చోవడానికి 1860ల దాకా ఆగవలసి వచ్చింది. న్యూయార్కులో నల్లవారి సెయింట్ ఫిలిప్ సంఘానిదీ అదే బాధ. 1846లో ప్రవేశం కోరితే కమిటీ వద్దంది; 1853లో గాని మహాసభ తలుపు తీయలేదు. ఆ సంఘాల విశ్వాసాన్నిగాని, ఆరాధన క్రమాన్నిగాని తప్పుపట్టినవారు లేరు. వారి రంగే అభ్యంతరం, నియమాల్లోని ఖాళీయే సాధనం.

1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో మనది వేరే ఏర్పాటు. మన ఊరి సంఘాలు పాస్టరేట్ల (ఒక గురువు చూసుకునే ఊరి సంఘాల సముదాయాల) కింద ఉంటాయి, పాస్టరేట్ల ప్రతినిధులు డయోసిస్ కౌన్సిల్‌లో కూర్చుంటారు, బిషప్పు పదవికి పేర్ల ప్యానెల్‌ను ఎన్నుకునేదీ ఆ కౌన్సిలే. అందుచేత, పది ఊళ్ల పాస్టరేట్ నుంచి విడిపోయి కొత్త పాస్టరేట్ కావాలని ఒక మాల పల్లె సంఘమో మాదిగ పల్లె సంఘమో అడిగినప్పుడు, అది గురువు జీతానికి సరిపడే కానుకల లెక్క మాత్రమే కాదు, కౌన్సిల్‌లో ఒక ఓటు లెక్క కూడా. పాత పాస్టరేట్ కమిటీలు సణిగేది చాలాసార్లు ఈ రెండో లెక్క గురించే అని నేను అనుకుంటున్నాను.

కాబట్టి నా మనవి ఇది. అర్జీని త్రోసిపుచ్చితే కారణాలు లిఖితపూర్వకంగా, సభ్యులు చదువుకోగల తెలుగులో ఇవ్వాలి. తాత్కాలికమని పెట్టిన ప్రతి షరతుకూ గడువు తేదీ ఉండాలి. ఆ తేదీలోగా కౌన్సిల్ మళ్లీ ఓటు వేసి పొడిగించకపోతే షరతు దానంతటదే రద్దయిపోవాలి. గురువుకు ఇచ్చే సడలింపును సంఘపు ప్రాతినిధ్యంతో ఏ పరిస్థితిలోనూ ముడిపెట్టకూడదు. చేర్చుకున్న రోజునే ప్రతినిధుల పేర్లు కౌన్సిల్ జాబితాలో ఎక్కాలి.