కల్చర్ ప్లేటును రెండో రోజే పారేయవద్దు

వేదిక మీది పెద్దలకు, తిరుపతి రుయా, స్విమ్స్ ఆసుపత్రుల నుంచి వచ్చిన యువ వైద్యులకు నమస్కారం. శాలువా కప్పినందుకు కృతజ్ఞతలు.

మూలకణ మార్పిడి, అంటే ఎముక మజ్జ మార్పిడి, తర్వాత వచ్చే అరుదైన బ్యాక్టీరియా జబ్బులన్నిటి గురించీ చెప్పమన్నారు. స్టెనోట్రోఫోమోనాస్ గురించి ఒక్క మాట: అది మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్‌కు సహజంగానే లొంగదు. జ్వరం తగ్గలేదని అదే మందు కొనసాగిస్తే రోగి చేజారిపోతాడు. మిగిలినవి మీ పుస్తకాల్లో ఉన్నాయి. నేను మాట్లాడవలసింది నోకార్డియా గురించి.

1888లో ఎడ్మండ్ నోకార్ అనే ఫ్రెంచి పశువైద్యుడు పశువుల్లో గుర్తించిన క్రిమి ఇది. మట్టిలో ఉంటుంది, దుమ్ముతో ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. పక్కనే ఉన్న వేలూరు సీఎంసీలో 1986 నుంచే మజ్జ మార్పిడులు జరుగుతున్నాయి. చికిత్స ఎక్కడ జరిగినా, మనవాళ్లు తిరిగి వచ్చేది వేరుశనగ చేలకు, పశువుల కొట్టాలకే కదా!

పలమనేరు వైపు రైతుబిడ్డ ఒకడు. అన్న ఇచ్చిన మూలకణాలతో మార్పిడి బాగానే జరిగింది. తర్వాత దాత కణాలు అతని చర్మం మీద, పేగుల మీద దాడి చేయడంతో రోగనిరోధక శక్తిని అణచే స్టెరాయిడ్లు, టాక్రోలిమస్ వాడుతున్నాడు. దగ్గు, జ్వరం, ఊపిరితిత్తుల్లో గడ్డలు. ఒక ఆసుపత్రిలో, పేరు చెప్పను, క్షయ అని తేల్చేశారు. కఫంలో క్షయ క్రిమి కనబడలేదు. అయినా తేల్చేశారు! కఫంలోని క్రిమిని ప్లేటులో పెంచి చూసే కల్చర్ పరీక్షలో రెండు రోజులకు ఏమీ పెరగలేదని రాసి ప్లేటు పారేశారు. నోకార్డియాకు వారం పట్టవచ్చు, ఒక్కోసారి రెండు మూడు వారాలు.

వెనుక వరుసలోని రెసిడెంట్లు దయచేసి ఇటు వినండి, ఇది మీకే. క్షయ మందుల్లోని రిఫాంపిసిన్ టాక్రోలిమస్‌ను కాలేయంలో త్వరత్వరగా విచ్ఛిన్నం చేయిస్తుంది. రక్తంలో దాని స్థాయి పడిపోయింది. దాత కణాల దాడి మళ్లీ చెలరేగింది. దాన్ని అణచడానికి స్టెరాయిడ్ పెంచారు. స్టెరాయిడ్ పెరిగేకొద్దీ నోకార్డియాకు అడ్డు లేకుండా పోయింది. మూర్ఛ వచ్చాక గానీ మెదడుకు ఎంఆర్ఐ తీయించలేదు. అప్పటికి అక్కడ చీముగడ్డ ఉంది.

"సార్, కఫం మొదట్లోనే ఇచ్చాం కదా?" అని వాళ్ల నాన్న నన్ను అడిగాడు. ఆయనకు ఏం చెప్పాలి? మీరు చెప్పండి.

అబ్బాయి బతికాడు. కుడి చేయి మాత్రం మునుపటిలా లేదు. ఇమిపెనెమ్, అమికాసిన్, కోట్రైమోక్సజోల్ అనే యాంటీబయాటిక్‌లతో మొదలుపెట్టి ఏడాది దాటే వరకు వైద్యం సాగింది. కోట్రైమోక్సజోల్ కొత్త మజ్జను అణచవచ్చు, పొటాషియం పెంచవచ్చు. లినెజోలిడ్ అనే మరో యాంటీబయాటిక్ మెదడులోకి బాగా చేరుతుంది గానీ వారాల తరబడి వాడితే ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. నివారణకు ఇచ్చే చిన్న మోతాదు కోట్రైమోక్సజోల్ వేసుకుంటున్నాడు కదా అని నోకార్డియాను పక్కన పెట్టకండి. ఆ మాత్ర వేసుకుంటున్నవారికీ వస్తుంది.

పరీక్ష చీటీ మీద "మార్పిడి రోగి, నోకార్డియా అనుమానం" అని రాయండి. క్రిములకు రంగు పట్టించి చూసే గ్రామ్ స్టెయిన్‌లో కొమ్మలుగా చీలిన సన్నని పోగులు వెతకమనండి. మామూలు క్షయ స్టెయిన్‌లో వాడే గాఢమైన ఆమ్లానికి దీని రంగు కడుక్కుపోతుంది. ఒక శాతం ఆమ్లంతో మళ్లీ చేయించండి. క్రిమి పెరిగితే ఏ మందుకు లొంగుతుందో తేలే వరకు దాన్ని భద్రపరచండి.

ప్రిన్సిపాల్ గారూ, మార్పిడి రోగుల ప్లేట్లను మూడు వారాలు ఉంచడానికి ఇంక్యుబేటర్‌లో ఒక అరను కేటాయించమని అడుగుతున్నాను. ఈ సభలోనే సరేనంటే సంతోషిస్తాను.