కింద పార్కింగ్, పైన గోడలు: భూమి ఊగితే ఏమవుతుంది?

(దృశ్యం: విజయనగరం. అయిదంతస్తుల అపార్ట్‌మెంట్, కింద పిల్లర్ల మధ్య బళ్లు)

నమస్కారమండీ. పైన ప్రతి అంతస్తులోనూ ఇటుక గోడలున్నాయి, ఇక్కడ మాత్రం పార్కింగ్ కోసం ఒట్టి పిల్లర్లే. శ్రీకాకుళంలో చూసినా ఇంతే. మేస్త్రిని అడిగితే బరువంతా పిల్లర్లే మోస్తాయి, గోడ ఉన్నా లేకపోయినా ఒకటే అంటారు. బరువు వరకు నిజమే. కానీ భూకంపం బిల్డింగుని పక్కకి తోస్తుంది.

(దృశ్యం: చేతిలో అగ్గిపెట్టె)

లోపలి డొప్ప తీసేసి పై తొడుగుని పక్కకి నొక్కండి, ఒరిగిపోతుంది. డొప్ప పెట్టి నొక్కండి, ఒరగదు. పిల్లర్లూ బీములూ కలిసి ఆ తొడుగు, ఇటుక గోడ ఆ డొప్ప. తోపు వచ్చినప్పుడు గోడ ఒక మూల నుంచి ఎదుటి మూలకి ఏటవాలుగా ఊతకర్ర పెట్టినట్టు నిలబడుతుంది, అటూ ఇటూ ఊగేసరికి ఇంటూ గుర్తులా పగులుతుంది కూడా. అందుకే పై అంతస్తులన్నీ బిగిసి ఒకే పెట్టెలా కదులుతాయి, వంగాల్సిందంతా గోడల్లేని ఈ కింది పిల్లర్లే వంగాలి.

2001 జనవరి 26న భుజ్ భూకంపంలో, 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో కూలిన అపార్ట్‌మెంట్లలో చాలావాటికి కింద ఇలా ఖాళీయే. అంత దూరంలో!

గోడ సగం కట్టి పైన వెంటిలేటర్ వదిలినా చిక్కే. పిల్లర్‌ని గోడ సగం వరకు పట్టేస్తుంది, మిగిలిన పొట్టి ముక్క మీదే దెబ్బంతా పడి అక్కడే పగులుతుంది. ఇక రోడ్డు వైపు షాపుల షట్టర్లు, మిగతా మూడు వైపులా గోడలు అయితే బిల్డింగు మెలి తిరుగుతుంది.

మరి పార్కింగ్ మానేయాలా? అక్కర్లేదు. భూకంపాన్ని తట్టుకునేలా ఎలా కట్టాలో చెప్పే మన దేశపు ప్రమాణం, 2016 నాటి ఐఎస్ 1893 కోడ్, ఖాళీ అంతస్తులో కాంక్రీటు గోడలో, బ్రేసింగో (పిల్లర్ల మధ్య ఏటవాలు ఊతలు) పెట్టమంటుంది. అవి రెండు దిక్కులకీ ఉండాలి, ఒక పక్కనే కుప్పగా వద్దు.

(దృశ్యం: పిల్లర్ కడ్డీలు, రింగులు)

ఆ కోడ్ మ్యాపులో మన రెండు జిల్లాలూ తక్కువ ప్రమాదమున్న జోన్ 2లో ఉన్నాయి, దాంతో పిల్లర్ కడ్డీల చుట్టూ కట్టే రింగులు ఎలా ఉండాలో చెప్పే ఇంకో కోడ్ ఐఎస్ 13920 మనకి తప్పనిసరి కాదు. నాకు టెన్షన్ అక్కడే, ఎందుకంటే మీరు అడగకపోతే ఎవరూ చేయరు. పిల్లర్‌కి సెంట్రింగ్ బిగించకముందే వెళ్లి చూడండి: రింగు కొసలు 135 డిగ్రీలు వంగి లోపలి కాంక్రీటులోకి దిగాలి, 90 దగ్గర ఆపేసి ఉంటే మళ్లీ వంచమనండి.