హెచ్‌ఐవీతో డిప్రెషన్: ‘దిగులు సహజమే’ అని వదిలేస్తే వైరల్ లోడ్ ఏమవుతుంది?

నమస్కారం. హెచ్‌ఐవీ ప్రస్తావన వచ్చినప్పుడల్లా నాకు ఎదురయ్యే మాట ఒకటుంది: ‘‘అంత పెద్ద జబ్బు వచ్చాక దిగులు పడకుండా ఎలా ఉంటారండీ, అది సహజమే కదా!’’ జాలితోనే అంటారు, కాదనను. అయితే వైద్యం చేస్తే తగ్గే డిప్రెషన్ అనే రెండో జబ్బు ఈ ఒక్క మాట చాటున లెక్కలోకి రాకుండా పోతోంది. క్షయ కూడా హెచ్‌ఐవీ ఉన్నవారికి ఎక్కువగానే వస్తుంది; అలాగని దగ్గును సహజమని ఎవరూ వదిలేయరు, వచ్చిన ప్రతిసారీ దగ్గు ఉందా, జ్వరం ఉందా, బరువు తగ్గారా అని అడుగుతారు. మనసు సంగతి మాత్రం అడగరు.

మన దేశంలో హెచ్‌ఐవీ వైరస్‌ను అణచి ఉంచే ఏఆర్‌టీ మందులను ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1 నుంచి ఉచితంగా ఇస్తోంది. 2017 నుంచి సీడీ4 సంఖ్యతో (అంటే రోగనిరోధక కణాల లెక్కతో) నిమిత్తం లేకుండా, జబ్బు నిర్ధారణ అయిన ప్రతి ఒక్కరికీ చికిత్స మొదలుపెడుతున్నారు. ఇప్పుడు ఎక్కువమందికి టెనోఫోవిర్, లామివుడిన్, డొలుటెగ్రావిర్ కలిపిన ఒకే మాత్ర రోజుకు ఒకసారి సరిపోతుంది. చికిత్స ఇంత సులువైనా కొందరిలో వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, ఎందుకు దిగడం లేదు?

[తెరపై: చెరువు, కట్ట, కట్టపై పారతో ఒక మనిషి]

ఒక ఊరి చెరువును తీసుకుందాం. అందులోని నీరు వైరస్, కట్ట మందు. కట్ట నీటిని ఆపుతుందే గాని ఇంకించదు. అలాగే మందు వైరస్‌ను అణచి ఉంచుతుందే గాని ఒంట్లోంచి పూర్తిగా తీసివేయదు, అందుకే మానేసిన కొన్ని వారాలకే చాలామందిలో అది రక్తంలో మళ్లీ కనిపిస్తుంది. ఇక ఆ కట్ట మీద పొద్దున్నా సాయంత్రం తిరుగుతూ, ఎండ్రకాయ బొక్క పడినా వెంటనే మట్టి కూరే నీరటి ఉంటాడు చూడండి, అతనే రోగి మనసు. మన వ్యవస్థ నీటిమట్టం కొలుస్తుంది, కట్ట బలం చూస్తుంది; నీరటి మంచం పట్టాడా అని మాత్రం వాకబు చేయదు.

డిప్రెషన్‌ను గుర్తించడానికి ప్రపంచమంతా వాడే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి గత రెండు వారాల్లో ఆసక్తి, నిద్ర, నీరసం, ఆకలి, ఏకాగ్రత ఎలా ఉన్నాయో, తనమీద తనకు అసహ్యం కలిగిందో లేదో, చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన వచ్చిందో లేదో అడుగుతుంది. వీటిని ఒక్కసారి మాత్ర వైపు నుంచి చూడండి. ఏకాగ్రత లేని మనిషికి రాత్రి మాత్ర వేసుకున్నదీ లేనిదీ గుర్తుండదు. నీరసించిన మనిషికి రెండు బస్సులు మారి జిల్లా ఆసుపత్రిలోని ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్లడం కొండెక్కినంత పని. బతకడమే దండగ అనుకునే మనిషికి, బతికించే మాత్రతో పనేముంటుంది?

ఏఆర్‌టీ కేంద్రంలో మాత్రల లెక్క ఎలా జరుగుతుందో గమనించండి. రోగి సీసా తేవాలి, కౌన్సెలర్ మూత తీసి మిగిలినవి లెక్కపెట్టి కార్డు మీద రాయాలి. మాత్రలు ఎక్కువ మిగిలితే చీవాట్లు తప్పవన్న భయంతో, లోపలికి వచ్చే ముందే పదో పన్నెండో పారబోసి వచ్చేవారు ఉంటారు. కార్డు మీద లెక్క నూటికి నూరు, రక్తంలో వైరస్ మాత్రం వేలల్లో! అప్పుడు పడే ముద్ర ‘నిర్లక్ష్యం’. ఈ మాట నాకు బొత్తిగా గిట్టదు. నీరటి జ్వరంతో పడి ఉంటే అతన్ని సోమరి అనడం లాంటిదే ఇది.

ఇది నా ఊహ కాదు. 2011లో 95 రోగి బృందాల సమాచారాన్ని కలిపి విశ్లేషించినప్పుడు డిప్రెషన్‌కూ మందులు తప్పడానికీ సంబంధం స్థిరంగా కనిపించింది. అంతకుముందు 2001లో వెలువడిన అమెరికా అధ్యయనంలో, హెచ్‌ఐవీ ఉన్న 765 మంది మహిళలను ఏడేళ్ల వరకు గమనిస్తే, దీర్ఘకాలం డిప్రెషన్ లక్షణాలున్నవారిలో మరణించే ముప్పు మిగతావారికన్నా సుమారు రెట్టింపు ఉన్నట్టు తేలింది.

అయితే డిప్రెషన్ మాత్రలిస్తే అంతా చక్కబడుతుందా? అమెరికాలోనే జరిగిన మరో ప్రయోగ ఫలితాలు 2015లో వచ్చాయి: డిప్రెషన్ మందులు సరైన మోతాదులో ఇస్తే మనసు కుదుటపడింది గాని, ఏఆర్‌టీ మాత్రలు వేసుకునే తీరులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. జ్వరం తగ్గినంత మాత్రాన నీరటి చేతికి పార దానంతటదే రాదు మరి. దీనికి భిన్నంగా ఉత్తర ఉగాండాలో డాక్టర్ ఎథెల్‌డ్రెడా నకిములి-ఎంపుంగు బృందం 30 ఆరోగ్య కేంద్రాలను తీసుకుని, వాటిలో సగం చోట్ల శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తల చేత బృంద చికిత్స చేయించింది. అందులో బాధ పంచుకోవడం, కష్టాన్ని తట్టుకోవడంతో పాటు నాలుగు డబ్బులు సంపాదించుకునే నైపుణ్యం కూడా నేర్పారు. హెచ్‌ఐవీ గురించి పాఠాలు మాత్రమే విన్న బృందాలకన్నా వీరిలో డిప్రెషన్ తగ్గింది, వైరస్ కూడా మెరుగ్గా అదుపులోకి వచ్చింది. నా దృష్టిలో పాఠం కన్నా పక్కన కూర్చున్న మనిషే ముఖ్యం.

సమయం అయిపోతోంది, మిగిలినవి గబగబా చెప్పేస్తాను. కొన్నిసార్లు మందే మనసును కుదిపేస్తుంది: ఒకప్పుడు విరివిగా ఇచ్చిన ఎఫావిరెంజ్ పీడకలలకూ, కొందరిలో డిప్రెషన్‌కూ దారితీసేది, డొలుటెగ్రావిర్ వల్ల కొందరికి నిద్ర పట్టదు, అలాంటప్పుడు డాక్టర్‌ను అడిగి పొద్దుట పూటకు మార్చుకోవచ్చు. సెర్ట్రాలిన్, ఎస్సిటాలోప్రామ్ వంటి డిప్రెషన్ మందులు డొలుటెగ్రావిర్‌తో సాధారణంగా పొసగుతాయి. కార్బమజెపైన్, సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక మాత్రం దాని మోతాదును రక్తంలో పడగొడతాయి, కాబట్టి మానసిక వైద్యుడి దగ్గర ఏఆర్‌టీ సంగతి దాచకండి. ఆ విషయం మీ అనుమతి లేకుండా బయటపెట్టడాన్ని 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం నిషేధిస్తుంది. ఏ మందునూ సొంతంగా ఆపకండి. మాట్లాడాలనిపిస్తే మనసు కోసం టెలి మానస్ 14416, హెచ్‌ఐవీ సందేహాలకు 1097; రెండూ ఉచితమే, తెలుగులోనూ మాట్లాడవచ్చు.