మొటిమల మాత్ర మొదలుపెట్టే ముందు రక్తంలో కొవ్వు పరీక్ష ఎందుకు?

నమస్తే అండి, అనంతపురం నుంచి మాట్లాడుతున్నాను. మా ఊళ్లో ఎవరి మొహాన మొటిమ లేచినా ముందుగా తిట్లు తినేది ఉగ్గాని పక్కన పెట్టే మిరపకాయ బజ్జీనే. తిన్న నూనె మొహం మీదికి వచ్చిందంటారు. అట్లా రాదండి. మొహం మీది జిడ్డును చర్మంలోని నూనె గ్రంథులే తయారు చేస్తాయి. వాటిని రెచ్చగొట్టేవి మగ హార్మోన్లు. ఆడవాళ్లలోనూ కొంత ఉంటాయి. తీపి తీసుకుంటే పెరిగే ఇన్సులిన్ వాటికి తోడవుతుంది. అందుకే నా అనుమానం బజ్జీ మీద కన్నా, తిన్నాక తాగే కూల్‌డ్రింక్ మీదే ఎక్కువ.

మరి రక్తంలో కొవ్వుకు సంబంధమే లేదా? మొటిమలు ఎక్కువున్నవాళ్లలో రక్తంలోని కొవ్వులు, అంటే కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు, కాస్త ఎక్కువని కొన్ని అధ్యయనాల్లో తేలింది, కొన్నింట్లో తేడాయే లేదు. పీసీఓఎస్, అంటే హార్మోన్ల తేడాతో నెలసరి గతి తప్పే సమస్య, ఉన్న అమ్మాయిల్లో మాత్రం మొటిమలు, రక్తంలో కొవ్వు రెండూ కలిసి కనిపించడం మామూలే. నెలసరి సరిగా రాకపోతే ఆ సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పండి.

లిపిడ్ ప్రొఫైల్‌తో, అంటే ఈ రక్తంలో కొవ్వు పరీక్షతో, అసలు పని మొటిమలకు ఐసోట్రెటినాయిన్ అనే మాత్ర రాసినప్పుడు పడుతుంది. ఇది నూనె గ్రంథులను కుదించి జిడ్డు తగ్గిస్తుంది, కానీ రక్తంలో ట్రైగ్లిజరైడ్లను పెంచగలదు. మొహాన కొవ్వు తగ్గించే మందు రక్తంలో పెంచడం, చూడండి ఎంత తమాషానో! అందుకే మాత్రకు ముందొకసారి, మొదలుపెట్టిన కొన్ని వారాలకు మరోసారి పరీక్ష రాస్తారు.

ఇప్పుడు స్క్రీన్ మీద రిపోర్టు చూడండి. 'ట్రైగ్లిజరైడ్స్' అన్న వరుస పట్టుకోండి. 150 లోపుంటే నార్మల్. 200 దాటితే ఎక్కువ కింద లెక్క. 500 దాటితే మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. ఇంకా పెరిగితే క్లోమగ్రంథి వాచే ప్రమాదం ఉంది. డోసు తగ్గించాలా, మందు ఆపాలా అన్నది డాక్టర్ చూసుకుంటారు.

రక్తం ఇచ్చే ముందు 9 నుంచి 12 గంటలు ఏమీ తినకండి, మంచినీళ్లు తాగొచ్చు. ముందురోజు పెళ్లిలో నెయ్యి పోసిన ఓళిగలు నాలుగు లాగించి, తెల్లారి ల్యాబ్‌కు పోకండి. మద్యం తాగినా అంకె పైకిపోతుంది. మాత్ర వేసుకునేది మాత్రం సాధారణంగా భోజనంతోనే, కొవ్వు లేకపోతే అది సరిగా ఒంటబట్టదు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా. ఈ మందు గర్భంలో బిడ్డకు తీవ్రమైన లోపాలు తెస్తుంది. అమ్మాయిలు మాత్ర వాడే ముందు నెల, వాడినన్నాళ్లూ, ఆపాక ఇంకో నెల గర్భం రాకుండా చూసుకోవాలి. స్నేహితురాలి చీటీ పట్టుకుని మెడికల్ షాపులో కొనుక్కోవద్దు.