ఐదు లక్షల్లో ఎలక్ట్రిక్ చిన్న కారు వస్తుందా? రాత్రి చర్చ పూర్తి పాఠం

(స్టూడియోలో యాంకర్ కాక నలుగురు. ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడిన చోట పైకి వినపడిన గొంతునే రాయగలిగాం. ఆ గొంతు ఎక్కువసార్లు ఒక్కరిదే అయింది. అందులో మా చేయి ఏమీ లేదు.)

యాంకర్: నమస్కారం. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న పెట్రోల్ కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. పైన ఉండే సెస్సు కూడా పోయింది. ఎలక్ట్రిక్ కార్లకు మాత్రం ఎప్పటిలాగే 5 శాతం. మూడున్నర లక్షలకే షోరూమ్‌లో పెట్రోల్ కారు మొదలవుతుంటే, అంతకు రెట్టింపు పెట్టి చిన్న ఎలక్ట్రిక్ కారు ఎవరు కొంటారు? అసలు ఆ కార్ల కథ ముగిసినట్టేనా? మనతో బ్యాటరీ ప్యాక్‌లు డిజైన్ చేసే ఇంజినీరు గారు, సెకండ్ హ్యాండ్ కార్ల వ్యాపారి గారు, క్యాబ్ డ్రైవర్ల సంఘం నాయకుడు, మియాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి మేడమ్ ఉన్నారు. నలుగురికీ సమాన సమయం, ఇది మా మాట. ఇంజినీరు గారూ, మీతోనే మొదలు. మూడు మీటర్ల కారు వేసుకుని అత్తారింటికి వెళ్తే పరువు ఉంటుందా?

ఇంజినీరు: (నవ్వుతూ) పరువు సంగతి తర్వాత చూద్దామండి. ముందు ఆ కారుకు అంత ధర ఎందుకు పడుతుందో...

వ్యాపారి: ఎందుకు పడుతుందో నేను చెప్తాను సార్. కొనేవాడు లేడు కాబట్టి!

ఇంజినీరు: ఒక్క నిమిషం ఇవ్వండి. కారును పొట్టిగా చేస్తే ధర కూడా అంతే తగ్గుతుందని జనం అనుకుంటారు. తగ్గదు. మోటారు, కంట్రోలర్, చార్జర్, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగులు, గుద్దుకుంటే తట్టుకునే చట్రం, ఇవన్నీ నాలుగు మీటర్ల కారుకు ఎన్ని కావాలో మూడు మీటర్ల కారుకూ అన్నే కావాలి. గట్టిగా కోత పెట్టగలిగేది బ్యాటరీకి ఒక్కదానికే. అందుకే 2023లో వచ్చిన మూడు మీటర్ల ఎలక్ట్రిక్ కారు ఎంజీ కామెట్‌లో 17.3 కిలోవాట్ అవర్, అంటే మన కరెంటు బిల్లు లెక్కలో 17.3 యూనిట్ల బ్యాటరీ పెట్టారు. టాటా టియాగో ఈవీలో చిన్న రకానికి 19.2. కోత పెట్టినచోటే మైలేజీ కూడా...

వ్యాపారి: పోతుంది! అదే కదా నేను చెప్పేది. కాగితం మీద 230 కిలోమీటర్లు. ఏసీ వేసి అమీర్‌పేట సిగ్నల్ దగ్గర నిలబడితే నూట యాభై.

ఇంజినీరు: నూట యాభై ఊళ్లో తిరగడానికి తక్కువేం కాదు కదండీ? అయితే ఏసీ గురించి మీరన్నది నిజమే, అందులో ఒక కిటుకుంది. ఏసీ కరెంటు తినేది కిలోమీటర్ల లెక్కన కాదు, గంటల లెక్కన. గంటకు ఒక యూనిట్, ఎండాకాలంలో ఇంకాస్త ఎక్కువ. ట్రాఫిక్‌లో బండి గంటకు 15 కిలోమీటర్లే కదిలితే, నూట యాభై నడవడానికి పది గంటలు. పది యూనిట్లు ఏసీకే పోతే పదిహేడు యూనిట్ల బ్యాటరీలో ఇంకేం మిగులుతుంది? అందుకే ఆ రోజు నూట యాభై కూడా రాదు. పెద్ద బ్యాటరీ ఉన్న కారులో ఈ తేడా అంతగా కనపడదు.

వ్యాపారి: చూశారా, ఒప్పుకున్నారు! నాకన్నా గట్టిగా చెప్పారు. రాసుకోండి.

యాంకర్: అంటే చిన్న కారు కొంటే ఎండలో ఉక్కపోత, అత్తారింట్లో తలవంపు. రెండూ!

డ్రైవర్ల నాయకుడు: మేడమ్, మా మాట కూడా వినండి. పరువు గురించి మీరు అడిగింది సొంత కారు వాళ్లను. మాకు కావాల్సింది డిక్కీ. శంషాబాద్ విమానాశ్రయానికి కిరాయి వస్తే రెండు పెద్ద సూట్‌కేసులు ఉంటాయి. రెండు తలుపుల బండిలో సూట్‌కేసులు ఎక్కడ పెట్టాలి, వెనక సీటులోకి అమ్మమ్మ ఎట్లా ఎక్కాలి? రోజుకు రెండు వందల కిలోమీటర్లు తిరిగితేనే మాకు ఈఎంఐ వెళ్తది. మధ్యాహ్నం అరగంటలో చార్జింగ్ ఎక్కే సదుపాయం ఆ చిన్న కామెట్‌కు ఇవ్వలేదు. మరి మేము...

వ్యాపారి: అన్నా, నీకు అది పనికిరాదు. నీకే కాదు, ఎవరికీ పనికిరాదు.

డ్రైవర్ల నాయకుడు: ఎవరికీ అని నేను అనలేదు. మాకు పనికిరాదు అన్న.

వ్యాపారి: అదే!

యాంకర్: చైనాలో మూడు లక్షలకే ఇచ్చారు కదా ఇంజినీరు గారూ, మనకెందుకు చేతకాదు?

ఇంజినీరు: వూలింగ్ మినీ ఈవీ అంటున్నారు. 2020 జూలైలో 28,800 యువాన్లకు వచ్చింది, అప్పటి లెక్కలో దాదాపు మూడు లక్షలు. బ్యాటరీ 9.2 కిలోవాట్ అవర్, 120 కిలోమీటర్లు అన్నారు. ఆ ధరలో ఎయిర్‌బ్యాగ్ లేదు, ఏసీ కూడా లేదు. మన దగ్గర కొత్త మోడల్ కారుకు ముందు రెండు ఎయిర్‌బ్యాగులు 2021 ఏప్రిల్ నుంచే తప్పనిసరి. ఇక ఏసీ లేని కారును మే నెలలో విజయవాడలో అమ్మి చూడండి.

వ్యాపారి: విజయవాడలో నానోకు కూడా ఏసీ అడిగారు! లక్ష రూపాయల కారు అన్నారు, 2008లో దేశమంతా చప్పట్లు. ఫ్యాక్టరీ పశ్చిమ బెంగాల్‌లో సింగూరు దగ్గర కడుతూ కడుతూ గొడవలతో గుజరాత్‌లో సాణంద్‌కు పోయింది. 2009లో రోడ్డెక్కింది, పదేళ్లు తిరగకుండానే ఆగింది. అసలు సింగూరులో ఏం జరిగిందంటే, భూములు...

యాంకర్: సింగూరు వద్దండి, అది ఇంకో రాత్రి. నానో ఎందుకు ఆగింది? చవక కారు అన్న ముద్ర! పక్కింటివాళ్ల ముందు పరువు! నేను మొదటి నుంచీ అంటున్నది అదే కదా? రతన్ టాటాయే తర్వాత చెప్పారు, చవక కారుగా ప్రచారం చేయడం పొరపాటని.

వ్యాపారి: కరెక్ట్ మేడమ్. వంద శాతం. అంతకు ముందు అంబాసిడర్ ఉండేది చూడండి, నడిచినా నడవకపోయినా గుమ్మం ముందు ఉంటే ఆ ఇంటి గౌరవమే వేరు. మా నాన్నగారికి తెల్లది ఉండేది...

(అంబాసిడర్ గురించి ఇంకాసేపు మాట్లాడారు. ఇక్కడ తీసేశాం.)

ఇంజినీరు: నానో కన్నా దగ్గరి ఉదాహరణ రేవా, అదీ చిన్న ఎలక్ట్రిక్ కారే. బెంగళూరులో చేతన్ మైనీ బృందం తయారు చేసింది, 2001లో వచ్చింది. సీసం బ్యాటరీలు, 80 కిలోమీటర్లు. మన దగ్గర దాన్ని బొమ్మ కారన్నారు. లండన్‌లో జీ-విజ్ పేరుతో వీధుల్లో తిరిగింది. ఎందుకు? అక్కడ 2003 నుంచి ఊరి నడిబొడ్డులోకి కారు వస్తే రోజువారీ రుసుము కట్టాలి, ఎలక్ట్రిక్ కారుకు అప్పట్లో ఆ రుసుము ఉండేది కాదు. కారు గొప్పదని కొనలేదు, ఊరి నిబంధన దానికి కలిసొచ్చింది కాబట్టి కొన్నారు. మన దగ్గర చిన్నగా ఉన్నందుకు కారుకు దక్కేదేమిటి? ఏమీ లేదు. అసలు...

యాంకర్: లండన్ అల్లుళ్లు ఎక్కారు, మన అల్లుళ్లు ఎక్కలేదు. బ్రేక్ తర్వాత మాట్లాడుకుందాం.

(విరామం)

యాంకర్: మేడమ్, మీరు ఇంతవరకూ మాట్లాడలేదు. మీ అపార్ట్‌మెంట్‌లో...

కార్యదర్శి: మాది అరవై ఫ్లాట్లండి. ఇద్దరు ఎలక్ట్రిక్ కార్లు కొన్నారు, నాకు రాత్రుళ్లు నిద్ర లేదు. ఒకాయన కామన్ మీటరు నుంచి చార్జింగ్ పెట్టాడు, బిల్లు మెయింటెనెన్స్‌లో పడింది, వాట్సాప్ గ్రూపులో యుద్ధం. ఇంకొకాయన నాలుగో అంతస్తు తన ఫ్లాట్ మీటరు నుంచి సెల్లార్ దాకా వైరు వేస్తానంటాడు. సొంత ఇంటి కనెక్షన్ నుంచే చార్జింగ్ చేసుకోవచ్చని కేంద్రం మార్గదర్శకాలే చెప్తున్నాయి, సరే. కానీ లిఫ్టు పక్కన వైరుకు ఎవరు బాధ్యులు? లోడు పెంచితే ఆ డబ్బు ఎవరు కట్టాలి? నేను అడిగేది ఒక్కటే...

వ్యాపారి: అమ్మా, మంటలు! మంటలు వస్తే ఏంటి గతి? అది అడగండి!

కార్యదర్శి: నేను మంటల గురించి అడగలేదండి, బిల్లు గురించి అడుగుతున్నాను.

ఇంజినీరు: ఇప్పుడు చిన్న కార్లలో వాడే ఎల్ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీకి వేడిని తట్టుకునే గుణం ఎక్కువ. వైరింగ్ నాసిరకంగా ఉండటమే ఎక్కువ...

వ్యాపారి: (గొంతు పెంచి) బ్యాటరీ పోతే? మూడేళ్లు వాడి నా షెడ్డుకు తెస్తారు. ఎంతిస్తావు అంటారు. లోపల బ్యాటరీ ఎంత మిగిలిందో నాకేం తెలుసు? పెట్రోల్ బండి అయితే సైలెన్సర్ పొగ చూసి చెప్తాను!

ఇంజినీరు: దానికి పరీక్ష ఉంది. వారంటీ ఉంది, టియాగో ఈవీ బ్యాటరీకి ఎనిమిదేళ్లు లేదా లక్షా అరవై వేల కిలోమీటర్లు.

వ్యాపారి: వారంటీ కాగితాన్ని నేను కొననండి, బండిని కొంటాను.

యాంకర్: బాగా చెప్పారు!

ఇంజినీరు: లెక్క చూద్దాం. హైదరాబాద్‌లో పెట్రోల్ 107 రూపాయల పైనే. లీటరుకు 18 వచ్చినా కిలోమీటరుకు ఆరు రూపాయలు. కామెట్ నిండా చార్జ్ చేయడానికి నష్టాలతో కలిపి ఇరవై యూనిట్లు, యూనిట్ పది రూపాయలు అనుకున్నా రెండు వందలు. నూట యాభై కిలోమీటర్లకు పంచితే రూపాయి ముప్పావలా... కాదు, రూపాయి ముప్పై పైసలు, కాస్త అటూ ఇటూ. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే నాలుగు వేల ఏడు వందలు మిగులుతాయి.

వ్యాపారి: బ్యాటరీ అద్దె కలపలేదు! 2024లో ఈ కామెట్‌నే ఐదు లక్షల లోపు కారు అని ఊదరగొట్టారు, 4.99 లక్షలు. చూస్తే బ్యాటరీ మనది కాదు, కిలోమీటరుకు రెండున్నర రూపాయల అద్దె. అది తీసేస్తే మిగిలేది రెండు వేల రెండు వందలు. నెలకు రెండు వేల కోసం ఇంత టెన్షనా?

ఇంజినీరు: ఆ లెక్క సరైనదే. కానీ అద్దె పద్ధతిలో కారు ముందుగా చవకగా వస్తుంది కదా, ఆ తేడా మీద వడ్డీ కూడా చూడాలి. పుణెలో వేవ్ ఈవా అనే చిన్న ఎలక్ట్రిక్ కారు వాళ్లూ అదే దారి పట్టారు, బ్యాటరీ లేకుండా 3.25 లక్షలు, కిలోమీటరుకు రెండు రూపాయలు...

వ్యాపారి: ఇల్లు నాది, తలుపులు అద్దెకు! (నవ్వులు)

యాంకర్: ఇదే రేపటి హెడ్‌లైన్! అల్లుడికి కారు ఇచ్చాం, బ్యాటరీ మాత్రం అద్దెకు అని ఏ మామ చెప్పగలడు?

డ్రైవర్ల నాయకుడు: మేడమ్, మామలను వదిలేయండి. తెలంగాణలో 2024 నవంబర్ నుంచి ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్ ట్యాక్స్ లేదు, రిజిస్ట్రేషన్ ఫీజు లేదు. 2026 డిసెంబర్ 31 దాకానే. తర్వాత ఏమైతది? ఆ తేదీ చూసే మావాళ్లు బండి బుక్ చేయాలా వద్దా అని ఆగిపోయారు.

ఇంజినీరు: నేను ఇందాక చెప్పబోయింది ఇదే. ఆ మినహాయింపు ఏడు లక్షల కారుకూ ఉంది, కోటి రూపాయల కారుకూ ఉంది. జీఎస్టీ కూడా ఇద్దరికీ అదే 5 శాతం. రూపాయల్లో చూస్తే సర్కారు సాయం కోటి కారుకే ఎక్కువ అందుతోంది. కర్ణాటక 2024లో 25 లక్షలు దాటిన ఎలక్ట్రిక్ కార్ల మీద పది శాతం పన్ను వేసింది. ఆ డబ్బు మళ్లించి చిన్న కారుకు పార్కింగ్‌లోనో, చార్జింగ్ పాయింట్‌లోనో సాయం చేస్తే...

వ్యాపారి: పార్కింగా? పార్కింగ్ ఎక్కడుంది సార్ హైదరాబాద్‌లో? చిన్న కారుకూ లేదు, పెద్ద కారుకూ లేదు!

ఇంజినీరు: అందుకే చిన్నదానికి...

వ్యాపారి: లేదు అంటున్నా కదా!

(ఇద్దరూ ఒకేసారి)

యాంకర్: ఒక్కొక్కరు, ఒక్కొక్కరు. వ్యాపారి గారూ, మీరు ఏ కారు వాడతారు?

వ్యాపారి: డీజిల్. ఏడు సీట్లది.

యాంకర్: పరువు!

వ్యాపారి: అవసరం మేడమ్. ఇంట్లో ఆరుగురం.

కార్యదర్శి: నా బిల్లు ప్రశ్నకు ఎవరూ...

యాంకర్: మేడమ్, సమయం అయిపోయింది. అందరికీ చివరగా ముప్పై సెకన్లు. వ్యాపారి గారూ, మీరు.

వ్యాపారి: ముప్పై చాలు. ఒకటి, రీసేల్ లేదు. రెండు, ఏసీ వేస్తే మైలేజీ లేదు, ఇది ఇంజినీరు గారే చెప్పారు. మూడు, బ్యాటరీ మనది కాదు. నాలుగు, మూడున్నర లక్షలకు పెట్రోల్ కారు, నాలుగు తలుపులు, నేను రేపే ఇప్పిస్తాను. ఐదు...

ఇంజినీరు: నా ముప్పై సెకన్లు?

వ్యాపారి: ఐదు, నానో. ఆరు, నానో ఎందుకు ఆగిందో సింగూరు దగ్గర నన్ను ఆపేశారు గానీ, అసలు...

యాంకర్: ఇంజినీరు గారూ, ఒక్క ముక్కలో. పెళ్లిలో అల్లుడికి ఆ కారు ఇస్తారా?

ఇంజినీరు: అల్లుడికి కారు ఎందుకు ఇవ్వాలండీ...

(టైటిల్ సంగీతం. వ్యాపారి గారి మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది, సింగూరు అన్న మాట రెండుసార్లు వినిపించింది.)