పిన్నును వెనక్కి తిప్పి చూడండి

మిత్రులందరికీ నమస్కారం.

బట్టలకు తగిలించుకునే, మనం సేకరించే బొమ్మల పిన్ను చేతికి రాగానే మన చూపు బొమ్మ మీదికే పోతుంది. రంగులు ఎలా ఉన్నాయి, పాత్ర ముఖం బాగా వచ్చిందా అని చూస్తాం. నకిలీ చేసేవాళ్లకూ ఆ సంగతి తెలుసు కాబట్టి వాళ్ల శ్రమంతా ముందువైపే పెడతారు. అందుకే నకిలీని గుర్తుపట్టడానికి నేను వెనకభాగం గురించీ, అంచుల గురించీ ఎక్కువగా మాట్లాడతాను.

1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో క్రీడాకారులనూ అధికారులనూ గుర్తించడానికి అట్టబిళ్లలు ఇచ్చారు. ఒలింపిక్ పిన్నుల మూలం అక్కడే. డిస్నీ వినోద పార్కుల్లో పిన్నుల మార్పిడి 1999లో మొదలైంది. అక్కడి సిబ్బంది మెడపట్టీలకు ఉన్న పిన్నుల్లో నచ్చినది అడిగి, మన దగ్గర ఉన్నది ఇచ్చి తీసుకోవచ్చు. ఎంతో అందమైన ఏర్పాటు ఇది. నకిలీలు చేతులు మారడానికీ ఇదే దారి అయింది. చవకగా కొన్న నకిలీని ఇచ్చి ఒకరు అసలు పిన్ను పట్టుకెళ్తే, ఆ నకిలీ తరువాత ఏ పిల్లవాడి చేతికో వెళుతుంది.

సేకరణదారులు ఈ నకిలీలను స్క్రాపర్లు అంటారు. కొన్ని తనిఖీలో తిరస్కరించాక పారవేయకుండా బయటికి అమ్మేసినవి. కొన్ని అనుమతించిన సంఖ్యకు మించి అదే అచ్చుతో కొట్టినవి. మరికొన్ని అసలు పిన్ను నుంచో, ఫొటో నుంచో కొత్త అచ్చు తయారుచేసి పోతపోసినవి. మూడో రకాన్ని పట్టుకోవడం తేలిక, ఎందుకంటే గీతలు మొద్దుబారి ఉంటాయి, చిన్న అక్షరాలు పూడుకుపోతాయి. అసలు అచ్చు నుంచే వచ్చిన వాటితోనే చిక్కంతా.

ఇప్పుడు పిన్నును వెనక్కి తిప్పండి. చాలా డిస్నీ పిన్నుల వెనక చిన్న చిన్న మిక్కీ మౌస్ తలలు వరుసగా అచ్చై ఉంటాయి. అసలు పిన్నులో ఆ వరుసలు సాధారణంగా అంచుదాకా వెళతాయి, అంచు దగ్గర తల సగానికి తెగినట్టు కనిపిస్తుంది. నకిలీల్లో తరచు అంచు చుట్టూ సన్నని ఖాళీ గట్టు ఉంటుంది, తలలు దాని దగ్గరే ఆగిపోతాయి. ఆ తరువాత సూది పక్కన చూడండి. పిన్ను గిర్రున తిరగకుండా అక్కడ చిన్న బుడిపెలు ఉంటాయి. అవి ఒకే ఎత్తులో, గుండ్రంగా, శుభ్రంగా ఉండాలి. నలిగినట్టో, అరిగినట్టో, అసలు లేకుండానో ఉంటే అనుమానించండి. సూదికి వెనక తగిలించే మిక్కీ ఆకారపు రబ్బరు బిరడాను మాత్రం సాక్ష్యంగా తీసుకోకండి. దాన్ని ఎవరైనా ఏ పిన్నుకైనా తగిలించవచ్చు.

పిన్నును పక్కకు వంచి, వెలుతురు అంచు మీద పడేలా పట్టుకోండి. కోసుకునేలా గరుకుగా ఉందా? పూత అంచు మీదికి కారిందా? రంగు ఉపరితలం మీద గోరును మెల్లగా జరపండి. గట్టి ఎనామెల్ (లోహపు గడుల్లో నింపే రంగు పూత) పిన్నును రంగూ లోహపు గీతలూ ఒకే మట్టానికి వచ్చేలా సానపడతారు, గోరు జారిపోవాలి. మెత్తని ఎనామెల్‌లో రంగు గీతల కంటే లోతుగా ఉంటుంది, గోరు గీతలకు తగులుతుంది. రెండూ సరైన పద్ధతులే. గట్టి ఎనామెల్ అని అమ్మిన దానిలో గుంటలూ బుడగలూ ఉంటే, రంగు గీత దాటి పక్క గడిలోకి పోతే మాత్రం అది తప్పు. పాత్ర చొక్కా రంగు మారిన నకిలీలు కూడా ఉన్నాయి.

ఇందులో ఏ ఒక్క గుర్తునూ తీర్పుగా తీసుకోకండి. నునుపైన వెనకభాగం ఉన్న అసలు పిన్నులూ ఉన్నాయి, చిన్న లోపంతో బయటికి వచ్చిన అసలు పిన్నులూ ఉన్నాయి. తప్పకుండా అసలుదని తెలిసిన అదే పిన్నును పక్కన పెట్టి పోల్చడమే నమ్మదగిన పరీక్ష. రెండింటినీ చిన్న తూకం మీద పెట్టి బరువు పోల్చండి. అయస్కాంతం కూడా వాడండి. ఇనుము అంటుకుంటుంది, ఇత్తడి అంటుకోదు. ఒకటి అంటుకుని, రెండోది అంటుకోకపోతే రెంటి లోహం వేరన్నమాట.

దూరం నుంచి కొనేటప్పుడు ఈ అవకాశం ఉండదు. అప్పుడు నేను ముందుగా ధరనూ మూటనూ చూస్తాను. యాభై, వంద పిన్నుల కట్ట, ఒక్కటీ పునరావృతం కాకుండా, దుకాణం ధరలో పదోవంతుకు వస్తుంటే, దాని గురించి ఇంక ఆలోచించను. పరిమిత సంఖ్యలో వచ్చిన పిన్నును ఒకే అమ్మకందారు వారం వారం అమ్ముతున్నా అంతే. ఆ పిన్ను వెనకభాగం, అంచు ఫొటోలు స్వయంగా తీసి పంపమని అడగండి. నిజాయితీపరుడు పంపుతాడు. సాకులు చెప్పేవాడి దగ్గర కొనకండి.

నకిలీ అని తేలాక దాన్ని మళ్లీ మార్పిడిలోకి వదలడం నాకు ఏ మాత్రం సమ్మతం కాదు. "నాకూ ఇలాగే వచ్చింది కదా" అనే వాదన చాలామంది నోట విన్నాను. నష్టపోయిన బాధ అర్థమవుతుంది, కానీ ఆ నష్టాన్ని మనకంటే తక్కువ తెలిసినవాళ్లకు అంటగట్టడం మోసమే. డబ్బు వెనక్కి అడగండి, ఫొటోలు జతచేసి ఫిర్యాదు చేయండి. ఎదుటివాళ్లు మీకు నకిలీ ఇవ్వజూపితే పక్కకు పిలిచి చెప్పండి, వాళ్లకు తెలియకపోయి ఉండవచ్చు. పిల్లలైతే మరీ మృదువుగా చెప్పండి, గుర్తులు చూపించండి.

మీలో కొందరు అనుమానం ఉన్న పిన్నులు తెచ్చారని విన్నాను. బల్ల మీద భూతద్దం, తూకం, అయస్కాంతం ఉన్నాయి. పోల్చడానికి అసలువి కొన్ని తెచ్చాను. రండి, చూద్దాం.